మణికట్టు మీద వచ్చే ఆజ్ఞలు

మా ఆవిడ భుజం తట్టి "పాలు పొంగేట్టున్నాయి, కాస్త చూడండి" అంటే "ఊఁ" అంటాను. ఆ ఊఁకీ లేవడానికీ ఏ సంబంధమూ లేదని పెళ్లయిన కొత్తలోనే ఆవిడకి తెలిసిపోయింది. అదే, గంట నుంచి కుర్చీ వదల్లేదని మణికట్టు మీద వాచీ ఒక్కసారి మీటిందనుకోండి, చేతిలో కాఫీతో సహా లేచి నిలబడతాను.

పాత ఫోన్లలో ఇలా మీటే పని చేసేది శనగగింజ సైజు మోటారు. ఇరుసుకి ఒక పక్కనే బరువుంటుంది. తడి దుప్పటి ఓ మూలకి చేరితే వాషింగ్ మెషిన్ బాత్రూమంతా షికారు చెయ్యదూ, అదే సూత్రం. ఇప్పటివాటిలో చాలావరకు బరువు గిర్రున తిరగదు, స్ప్రింగుల మీద ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఠక్కున మొదలై ఠక్కున ఆగుతుంది కనక అచ్చం మనిషి తట్టినట్టే ఉంటుంది. మనిషి తడితే నాకు ఎందుకు తెలియదో మాత్రం ఏ ఇంజనీరూ చెప్పలేదు.

ల్యాప్‌టాప్ సంగతి మరీ ఘోరం. 2015లో యాపిల్ తెచ్చిన ట్రాక్‌ప్యాడ్ నొక్కితే కిందికి దిగనే దిగదు. అడుగున సెన్సర్లు వేలి బరువు కనిపెడతాయి, విద్యుదయస్కాంతం పలకని వెంట్రుకవాసి పక్కకి జరుపుతుంది. వేలు మాత్రం 'క్లిక్'మని దిగానని నమ్మేస్తుంది. ఈ మర్మం మా ఆవిడకి చూపించాలని పూర్తిగా ఆఫ్ చేసి నొక్కమన్నాను. గచ్చు నొక్కినట్టుంది.

"అంటే ఇన్నేళ్లూ నొక్కకుండానే నొక్కేశాననుకున్నారు."

"అవును, అద్భుతం కదూ!"

"ఇందులో కొత్తేముంది? కరివేపాకు కూడా తెచ్చేశాననే అనుకుంటారు."

మోగని ఫోను మోగినట్టు తోచడం చాలామందికి ఉన్నదే, దానికి ఫాంటమ్ వైబ్రేషన్ అని పేరు కూడా పెట్టారు. నాది ఇంకాస్త ముదిరింది. ఫోను హాల్లో ఛార్జింగులో ఉంటుంది, ఇక్కడ నా తొడ బుర్రుమంటుంది, నేను జేబు తడుముకుంటాను. ఒంటి మీదున్నది లుంగీ. దానికి జేబేది?

ఈ బలహీనతని ఆవిడ ఊరికే పోనివ్వలేదు. మా అబ్బాయి చేత తన ఫోన్లోంచే నా క్యాలెండర్‌లో రాసే ఏర్పాటు చేయించుకుంది. ఇప్పుడు భుజం తట్టడాలూ కేకలూ లేవు. వాచీ మీటుతుంది: 'బట్టలు తియ్యి'. కాసేపటికి మళ్లీ: 'గ్యాస్ బండ మార్చు'. చేసుకుంటూ పోతున్నాను.

మొన్న మాత్రం పౌరుషం వచ్చి అడిగాను, మొగుణ్ణి పట్టుకుని తియ్యి, మార్చు ఏమిటని.

"స్క్రీను చిన్నదండీ, 'అండి' పట్టట్లేదు" అంది.