పెడర్థాలకూ కరువే

వానలకు కరువొచ్చింది చూసినాం, పశువుల మేతకు కరువొచ్చింది చూసినాం. మా వేంపల్లెలో పెడర్థాలకు కూడా కరువొస్తుందని మాత్రం కల్లో కూడా అనుకోలేదు. మా రోజుల్లో ఒకరి మాట ఒకరికి పట్టక ఇంట్లో రోజుకో తమాషా. ఇప్పుడు అందరికీ అన్నీ అర్థమైపోతాండాయి. ఏం బాగుంది?

మా తమ్ముడికి గుడివాడ పక్క పిల్లను చేసుకున్నాం. కాపురానికొచ్చిన కొత్త. రాత్రి పొద్దుపోయినాక మా అమ్మ మంచంలో నుంచే "వాకిలెయ్యమ్మా, కుక్కలొస్తాయి" అన్నది. మాకు వాకిలంటే తలుపు. వాళ్లకు ఇంటి ముందర నేల. సీమలో కుక్కలు రాకుండా రాత్రిపూట ముగ్గేస్తారు కాబోలు అనుకున్నట్టుంది పాపం, తలుపు బార్లా తెరిచి, లాంతరు పక్కన పెట్టుకొని చుక్కలు పెడతా కూర్చుంది. మా అమ్మ లేచొచ్చి నెత్తిన చేతులు పెట్టుకుంటే, మా నాయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ పిల్లే మా అన్న కొడుకును ఎత్తుకొని "జేజికి దండం పెట్టు" అంటే, వాడు దేవుడి పటాన్ని వదిలేసి మా అమ్మకు పెట్టేవాడు. మా పక్క జేజంటే నాయనమ్మ గదా. ఈ తప్పును మాత్రం మా అమ్మ ఎన్నడూ దిద్దలేదు.

కువైట్ కథలు ఇంకా రంజు. మా వీధిలో ఒకాయన అక్కడికి డ్రైవరుగా పోయినాడు. యజమాని "తాల్, తాల్" అంటే ఈయన ఉన్నచోటే నిలబడిపోయేవాడు. అరబ్బీలో తాల్ అంటే రమ్మని. మనకు తాళమంటే ఆగమని. ఆయన ఎంత గట్టిగా అరిస్తే ఈయన అంత బిగుసుకునేవాడట. ఆడమనిషిని పిలిస్తే అదే మాట "తాలీ" అవుతుంది. ఇంటిపనికి పోయిన ఒకామె, యజమానురాలు తాలీ తాలీ అంటాంటే తన పుస్తెల మీద కన్నేసిందని కొంగు బిగించిందంట. పైగా ఆ యజమానురాలిని "మామా" అని పిలవాల. ఆడమనిషిని పట్టుకొని మామా అంటే నోరెట్లా తిరుగుతుంది?

1990 ఆగస్టులో సద్దాం కువైట్ మీద పడినాడు. అమ్మాన్ నుంచి విమానాల్లో 1,70,000 మంది దాకా మనోళ్లు తిరిగొచ్చినారు, వాళ్లలో మా డ్రైవరొకడు. సామాను అక్కడే పోయింది, అరబ్బీ మాత్రం ఆయనతో వచ్చింది. తినేటప్పుడు పెండ్లాన్ని "తాల్" అంటే ఆమె సంగటి తట్ట పట్టుకొని వంటింటి గడప దగ్గరే ఆగిపోయేది. "తాళమంటివి గదా!"

ఇప్పుడు పోయే పిల్లోళ్లు ఫోను చాపుతారు. వీడు తెలుగులో గొణిగితే అది అరబ్బీలో చెబుతుంది. అపార్థానికి సందేదీ?

ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టినాక కోస్తా పిల్లలు మా అంగళ్లకు రాబట్టిరి. మొదట్లో ఒకడు "గుళ్లున్నాయా?" అంటే అంగడాయన గండి దోవ చూపించినాడు, వీరాంజనేయస్వామి దగ్గరికి. వాడడిగింది ఒలిచిన చెనిక్కాయలు! ఇప్పటి పిల్లలు నోరే తెరవరు. పొట్లం ఎత్తుకొని, ఫోనుతో డబ్బు కట్టి పోతారు. అంగట్లో మాట్లాడేది, డబ్బు పడిందని అరిచే ఆ డబ్బా ఒక్కటే.

డల్లాసులో ఉండే మనవణ్ని మొన్న వీడియోలో "బువ్వ తిన్యావా?" అని అడిగినా. వాడు వాళ్లమ్మ మొగం చూసినాడు. ఆమె ఇంగ్లీషులో ఏదో చెప్పింది. "ఓకే తాతా" అన్నాడు. తిన్నాడనా, తింటాడనా?