బుడుంగు బావ

ఎక్కడో తుపాను ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసిందని టీవీలో చెబితే మనమంతా అయ్యో అంటాం. బుడుంగు బావ అట్లాసు తెరుస్తాడు. ఆ ఊరికి సముద్రం ఉందా, ఉంటే అడుగున పగడాలున్నాయా అని చూస్తాడు. ఉన్నాయని తేలితే ఆయన గుండె కరిగి నీరైపోతుంది. 2015లో నేపాల్‌లో భూమి కంపించినప్పుడు బావ చాలా బాధపడ్డాడు గానీ కుర్చీలోంచి కదల్లేదు. నేపాల్‌కి సముద్రం లేదు మరి. 2018లో ఇండోనేషియాలోని లోంబోక్ కంపించినప్పుడు మాత్రం ఆగలేకపోయాడు. దాని పక్కనే గిలి దీవులు, ఆ దీవుల చుట్టూ తాబేళ్లు.

సేవ పేరు చెప్పి సముద్రంలో మునకలెయ్యడానికి పోయే ఈ జాతి మన ఒక్కరి సొత్తు కాదు. ఆస్ట్రేలియా వాళ్లు, జర్మన్లు ఏనాటినుంచో ఉన్నారు. సింగపూర్‌లో ఉద్యోగం, చేతిలో నాలుగు డబ్బులు, పెట్టెలో స్కూబా సామాను ఉన్న మనవాళ్లు ఈమధ్య చేరారు. లక్షణాలు సులువుగా పట్టుకోవచ్చు. భోజనం ఎలా ఉందని అత్తగారు అడిగితే బావ వేళ్లు సున్నాలా చుట్టి చూపిస్తాడు. బొటనవేలు ఎత్తి చూపొచ్చు కదా అంటే ససేమిరా అంటాడు. నీళ్లలో దానర్థం ‘ఇక పైకి పోదాం’ అనట. అత్తగారు ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

విపత్తుకీ విహారానికీ ఒకే టికెట్టు సరిపోవడంలో బావ తప్పేమీ లేదు, భూగోళం ఏర్పాటే అంత. పగడాలు పెరగాలంటే వెచ్చని నీళ్లు కావాలి, తుపాను ముదరాలన్నా అవే కావాలి. ఫిలిప్పీన్స్‌లో రెండూ పుష్కలం. 2013 నవంబరు 8న హైయాన్ తుపాను, అక్కడివాళ్లు యోలాండా అంటారు, లేతే, సమర్ దీవుల్ని తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కలోనే ఆరు వేల మూడు వందల మంది పోయారు. అదే గాలి సెబు ఉత్తర కొస మీదుగా పోతూ మలపాస్కువా అనే చిన్న దీవిలో ఇళ్ల కప్పులు లేపేసింది. ఆ దీవి త్రెషర్ సొరచేపలకు ప్రసిద్ధి. ఒంటి పొడవులో సగం తోకే. తెల్లవారకముందే లోతుల్లోంచి మెరక మీదికొచ్చి, మంగలి షాపుకొచ్చినట్టు అక్కడే నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ, చిన్న చేపల చేత ఒంటి మీది పురుగుల్ని ఏరించుకుంటాయి. మరుసటి ఏడాది మా బావ అక్కడికి సేవకు బయల్దేరాడు.

సేవకు ఆయన ముహూర్తం ఎలా పెడతాడో చెప్పాలి. వరసగా కొన్నాళ్లు మునిగినవాడు చివరి మునక తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో ఒత్తిడికి ఒంట్లో చేరిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. తొందరపడితే అది లోపల బుడగలు కట్టి కీళ్లు పట్టేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. మునగడానికి లేదు, ఎగరడానికి లేదు. ఏం చెయ్యాలి? బాధితులను నవ్వించాలి. బావ దయాదాక్షిణ్యాలకు గడియలు పెట్టేది నైట్రోజన్.

ఎర్ర ముక్కు తగిలించుకుని, బుడగల ప్యాకెట్టు పట్టుకుని, కప్పులేని ఇళ్ల మధ్య ఆయన నడిచి వస్తుంటే మొదట తల్లులు తలుపులు వేసుకున్నారు. ఫిలిప్పీన్స్‌లో భారతీయుడు కనబడితే ‘బుంబాయ్’ అంటారు. బుంబాయ్ అంటే చాలామందికి గుర్తొచ్చేది మోటారు సైకిల్ మీద తిరిగే వడ్డీ వ్యాపారి. ఐదిచ్చి ఆరు వసూలు చేస్తాడు కాబట్టి ఆ వ్యాపారం పేరే ‘ఫైవ్-సిక్స్’. అన్నం తినని పిల్లల్ని బుంబాయ్ ఎత్తుకుపోతాడని బెదిరించడమూ ఉంది. ఇల్లు ఎగిరిపోయి ఇంకా ఏడాది తిరక్కుండానే వాయిదాల బుంబాయ్ ముక్కుకు రంగేసుకుని దిగాడని వాళ్లు అనుకున్నారంటే అందులో వింతేముంది?

అపార్థం తొలగాక ప్రదర్శన మొదలైంది. పెసో నాణెం మాయం చెయ్యడం బావ పెద్ద విద్య. అది ఏ చేతిలో ఉందో ముందు వరసలోని పిల్ల ఆయన కన్నా ముందే చెప్పేసింది. అయినా పిల్లలు పడీపడీ నవ్వారు. ఎర్ర ముక్కుకి కాదు, మాస్కు అచ్చు పడి కళ్లచుట్టూ తేలిన ఎర్రటి వలయాలకి. తర్వాత వాళ్లే పాట పాడి, డాన్సు చేసి బావను నవ్వించారు. ఆ పూట వినోదం దక్కింది ఎవరికో నేను చెప్పక్కర్లేదు. పగిలిన బుడగల ముక్కలు గాలికి నీళ్లలోకి పోయాయి. ఆ ముందురోజే సముద్రం అడుగున ప్లాస్టిక్ ఏరి సంచి నింపుకుని ఫొటో దిగినవాడు ఈయనే.

నవ్వించే పని తక్కువదని నేను అనను. బార్సిలోనాలో 1993లో మొదలైన ‘క్లౌన్స్ విదౌట్ బోర్డర్స్’ వాళ్లు ఆ పనే చేస్తారు. తొర్తెల్ పొల్త్రోనా అనే విదూషకుడు క్రొయేషియాలోని శరణార్థి శిబిరంలో పిల్లల ముందు ఆడిన ఆటతో అది పుట్టింది. అదే వృత్తిగా బతికే కళాకారులు వాళ్లు. మన దగ్గరా 1977 దివిసీమ ఉప్పెనప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ అంతటివాళ్లు జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు. మొహానికి రంగు పూసుకోవడం చేతగానివాళ్లా వాళ్లు? అప్పటికి కావలసింది డబ్బని తెలుసు, అంతే.

మలపాస్కువాకి కావలసిందీ అదే. చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ సొరచేప పుణ్యమాని. పడవ నడిపేవాడు, సిలిండర్లలో గాలి నింపేవాడు, వంటమనిషి, అందరూ మునగడానికొచ్చేవాళ్ల కోసం కళ్లు కాయలు కాచేలా చూశారు. అంటే ఆ వారంలో బావ చేసిన అసలు సేవ, తాను సేవ అనుకోనిదే. సిగ్గుపడుతూ దాచిపెట్టిన డైవింగ్ బిల్లులే ఊరికి అక్కరకొచ్చాయి. ఆ మాట అంటే బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బావ ఉంటే వెళ్లనివ్వండి. సొరచేపను చూడ్డానికే వెళ్తున్నానని దర్జాగా చెప్పమనండి. పడవవాడితో బేరమాడొద్దని, అక్కడే తిని అక్కడే పడుకోమని చెప్పండి. బుడగల ప్యాకెట్టు మాత్రం సూట్‌కేసులోంచి తీసి అటక మీద పెట్టెయ్యండి.