మా రైలుకింకా టైముందండి!

కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైందండి. 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు గోదావరి పాయలూ దాటాలి. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పట్టుబట్టి తెచ్చారు. ఆ ఏడు పుట్టిన పిల్లకి పెళ్లై, ఆడపడుచు లాంఛనాలు కూడా ముట్టాయి. రాష్ట్రం కట్టాల్సిన పాతిక శాతం వాటా దగ్గర మాత్రం ఏళ్ల తరబడి పేచీయే.

గౌతమిలో స్తంభాలైతే లేచాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు విప్పుకుని ఆరబెట్టుకుంటుంటాయి. టికెట్టు లేని ప్రయాణం వాటిదే. మనం మాత్రం రావులపాలెం బస్సులో ఫుట్‌బోర్డు మీద ఒంటికాలి తపస్సు.

విశాఖ, విజయవాడ వాళ్లు మెట్రో రాలేదని బెంగెట్టుకున్నారట. పాపం, వాళ్ల ఆశ 2014 విభజన చట్టం నాటిది. కుర్రాళ్లు! మా వెనకాల లైన్లో నిలబడమనండి.

అయినా 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధం కోసం పీక్కుపోతే, తిరిగి రైలు నడిచింది 2004లో. అరవయ్యేళ్ల పైమాట. ఆ లెక్కన ఈ కొత్త మార్గంలో రావాల్సిన అమలాపురం స్టేషన్‌కి ఇప్పట్నుంచే కంగారేవిటండీ? ఆయ్!