పావలా బిళ్ళల చదువు

రెండు డజన్ల బనియన్లు ఎందుకు నాయనా? ఆగస్టు వచ్చిందంటే డాలస్ ఎయిర్‌పోర్టులో దిగే మన పిల్లల పెట్టెలు చూసి నాకదే అనుమానం. మా రోజుల్లో పెట్టెకి 32 కిలోలు తెచ్చుకోనిచ్చేవాళ్ళు. అందులో సగం పుస్తకాలు, ఓ ప్రెషర్ కుక్కరు, పాత బనియన్లో చుట్టిన ఆవకాయ జాడీ పోగా బట్టలు నాలుగు జతలు. ఇప్పుడు 23 కిలోలకి కుదించారు. కుదించినా సరే, మీ అమ్మ నెలకి సరిపడా లోదుస్తులు కుక్కి పంపిస్తుంది. ఇవన్నీ ఎందుకమ్మా అంటే, "వాడికి అక్కడ ఉతుక్కోవడం అలవాటయ్యేదాకా అన్నయ్యగారూ" అంటుంది. నువ్వు మిషను మీట నొక్కడం నేర్చుకునే ముహూర్తాన్ని నెల్లాళ్ళు వాయిదా వెయ్యడానికి అంత కాటను సముద్రాలు దాటి వస్తోందన్నమాట.

మీరు నేర్చుకునొచ్చారా అని అడక్కు. మా రోజుల్లో ఎవరూ నేర్చుకుని రాలేదు. మా గొప్పంతా అదే. తెనాలి దగ్గర మా ఊళ్ళో మాసిన బట్టలు మూటకట్టి అరుగు మీద పడేస్తే చాకిరేవుకి పోయేవి. అక్కడ చౌడు నీళ్ళలో నాని, బానల్లో ఉడికి, బండ మీద దెబ్బలు తిని, గంజీ నీలిమందూ పట్టించుకుని, ఎండకి పెళపెళలాడుతూ తిరిగొచ్చేవి. చొక్కా కాలరు లోపల నల్లజీడి రసంతో పెట్టిన చిన్న గుర్తుండేది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదది. ఊళ్ళో ఎన్ని గడపలో అన్ని గుర్తులు, అన్నీ ఆ రేవు పెద్దాయన బుర్రలోనే. కాగితం ముక్క లేదు, ఒక్క పంచె తారుమారు కాలేదు. కోతలయ్యాక కళ్ళంలో మేర కొలిచి, ఏడాది చాకిరీకి అంతటితో చెల్లు అనేవాళ్ళు మా పెద్దలు. 'ఆ రోజులెంత బాగుండేవో కదా' అని ఆ పెద్దాయన్ని అడగాలని మాత్రం నాకెప్పుడూ అనిపించలేదు. ఏం చెబుతాడో తెలుసు గనక.

సరే, ఆ సంగతి పక్కన పెట్టు. ఇప్పుడు మీ అపార్టుమెంట్లలో ఫోన్లో నొక్కితే ఎవరో వచ్చి మూట తీసికెళ్ళి, పౌనుకింత అని లెక్కగట్టి, ఉతికి మడతపెట్టి గుమ్మంలో పెడుతున్నారటగా. ఒరేయ్, అది మా రేవే కదరా! ధాన్యం బదులు క్రెడిట్ కార్డు, నల్లజీడి గుర్తు బదులు అంటించే చీటీ. దీన్ని కొత్తగా కనిపెట్టామని మాకే చెబుతారు.

1979 ఆగస్టులో నేను ఆర్లింగ్టన్ యూనివర్సిటీకి వచ్చి పడ్డాను. నలుగురం తెలుగు కుర్రాళ్ళం, కారన్నది లేదు. శుక్రవారం సాయంత్రం మాసిన బట్టలు దిండు గలీబుల్లో కుక్కుకుని, భుజాన వేసుకుని, ఆ టెక్సాస్ ఎండలో కాలిబాట లేని రోడ్డు పక్కన నడుచుకుంటూ పోయేవాళ్ళం. దారిన పోయే కార్లవాళ్ళు మమ్మల్ని ఏమనుకునేవారో దేవుడికే ఎరుక. నీకు తెలుసో లేదో, ఈ డబ్బులేసి ఉతుక్కునే కొట్టు పుట్టింది మన పక్కన ఫోర్ట్‌వర్త్‌లోనే. 1934లో, మహామాంద్యం రోజుల్లో, ఇంట్లో మిషను కొనే స్తోమత లేనివాళ్ళ కోసం నాలుగు కరెంటు మిషన్లు పెట్టి, గంటకింత అని అద్దెకిచ్చి, 'వాషటేరియా' అని బోర్డు కట్టారు. ఇక్కడి ముసలాళ్ళు ఇప్పటికీ ఆ పేరే అంటారు. మీరు 'లాండ్రీ రూమ్' అంటారు. రూములో ఏముంది, అది కొట్టు. కొట్టంటే నలుగురు మనుషులుండాలి.

ఇక క్వార్టర్ల సంగతి. బ్యాంకులో పది డాలర్ల నోటిస్తే కాగితంలో బిగించి చుట్టిన 40 పావలా బిళ్ళల చుట్ట ఇచ్చేవాళ్ళు. ఆ చుట్టని మేం దాచినంత భద్రంగా పాస్‌పోర్టు కూడా దాచలేదు. అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందలేళ్ళయిందని కొట్టిన బిళ్ళలు అప్పటికి ఇంకా ధారాళంగా తిరుగుతుండేవి. వెనకవైపు డోలు వాయించే సిపాయి ఉండేవాడు, ముందువైపు 1776-1976 అని రెండేళ్ళ పేర్లు. మా రూమ్మేటొకడు డోలు బిళ్ళల్ని ఖర్చు పెట్టనివ్వకుండా డబ్బాలో దాచేవాడు. చివరికి వారం తర్వాత వారం చొక్కా లేక వాడే డబ్బా విప్పేవాడు. తర్వాత 1999 నుంచి 2008 దాకా ఏడాదికి అయిదు రాష్ట్రాల చొప్పున యాభై రాష్ట్రాల బిళ్ళలు కొట్టారు కదా, అవన్నీ నేను అట్టకి గుచ్చి దాచాను. ఏం లాభం? మీ మిషన్లకి చిల్లర మింగే కంతే లేదు. ఫోను చూపిస్తేనే తలుపు బిగుసుకుంటుందట. ఫోనులో చార్జింగు లేకపోతే బట్టలు మురిగ్గా ఉండాలా? ఈ ప్రశ్నకి మా మనవడు, "పవర్ బ్యాంక్ ఉంది తాతా" అన్నాడు. వాడి బ్యాంకు నాకర్థం కాలేదు, నా బ్యాంకు వాడికర్థం కాలేదు.

మిషను తిరుగుతున్నంతసేపూ మేం కదిలేవాళ్ళం కాదు. ఎక్కడికి పోతాం, కారు లేదు. పోయినా బట్టలు పోతాయి. అందుకని ఉతుకుల రోజే ఉత్తరాల రోజు. ఆ నీలం ఏరోగ్రామ్ మడతపెట్టుకుని తిరుగుతున్న మిషను మూత మీదే ఇంటికి ఉత్తరం రాసేవాణ్ణి. బట్టలు పిండే దశకొచ్చేసరికి మిషనంతా వణికేది, దాంతో నా అక్షరాలూ వణికేవి. మా అమ్మ ఆ వంకర రాత చూసి, పిల్లాడికి చలిజ్వరం వస్తోందని మా నాన్నగారితో మందుల పేర్లు రాయించి పంపింది. ఉత్తరం చేరడానికి రెండు వారాలు, జవాబుకి రెండు వారాలు. ఆ మందుల జాబితా నా చేతికొచ్చేసరికి నేను శుభ్రంగా గారెలు తింటున్నాను. ఇప్పుడు నువ్వు బకెట్లో సాక్సు వేస్తూ వీడియో కాల్లో మీ అమ్మకి చూపిస్తావు. ఆవిడ తెనాల్లో కూర్చుని "ఆ నల్లది విడిగా వెయ్యరా" అంటుంది. ఇంత దూరమొచ్చీ చదువేం చదివినట్టు?

గోడకి టీవీ బిగించి ఉండేది. 1980లో మార్చి నుంచి నవంబరు దాకా ఆ కొట్టులో ఒకటే చర్చ, జే.ఆర్.ని కాల్చింది ఎవరని. 'డాలస్' సీరియల్. మన ప్లేనో పక్కనున్న సౌత్‌ఫోర్క్ ర్యాంచి చూపించేవాళ్ళు గనక అందరికీ అది సొంత ఇంటి గొడవ. శుక్రవారం రాత్రి ఆ సీరియల్ వచ్చే వేళకి డ్రయ్యర్లలో బట్టలు చల్లారిపోతున్నా ఎవరూ లేచేవాళ్ళు కాదు. ఓ మెక్సికో మామ్మగారు మాత్రం టీవీ వంక చూడకుండా దుప్పట్లు మడిచేది. ఎలాస్టిక్ ఉన్న దుప్పటిని మూలలో మూల దూర్చి చదరంగా మడవడం నాకు నేర్పింది ఆవిడే. ఆ విద్య మీకెవరు నేర్పుతారు? వీడియో చూస్తావు, నాకు తెలుసు. మామ్మగారు వీడియోలో తప్పు మడిచిన చేతి మీద ఒక్కటిస్తుందా?

తప్పంటే గుర్తొచ్చింది. మాలో చీరాలవాడొకడు ఎర్ర గళ్ళ లుంగీ తెచ్చుకున్నాడు. చేనేత, అసలు సిసలు సరుకు. నలుగురి తెల్లబట్టల్లో దాన్ని వేశాడు, వేణ్ణీళ్ళు పెట్టాడు. ఆ సెమిస్టరంతా మేం నలుగురం గులాబీ రంగు బనియన్లతో తిరిగాం. వాడు ఏమాత్రం సిగ్గుపడలేదు. వాడి వాదన చరిత్రకెక్కదగ్గది. 1960ల్లో ఇదే అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళు మద్రాసు గళ్ళ చొక్కాలంటే పడి చచ్చేవాళ్ళు. రంగు దిగిపోతోందని గోల వచ్చేసరికి అమ్మేవాళ్ళు ప్లేటు తిప్పేసి, రంగు దిగడం గ్యారంటీ, దిగకపోతే అది అసలు మద్రాసే కాదని ప్రకటనలు వేశారు. కొన్నారు కూడా! "మనవాళ్ళు అమ్మిన తప్పుని దొరలు ఫ్యాషనన్నారు, మీకెందుకురా ఏడుపు" అనేవాడు వాడు. ఇప్పుడు మీ బట్టలకి రంగే దిగదు. రంగు దిగని బట్టకి వ్యక్తిత్వమేముంది?

బట్టల లోపలి చీటీలు కూడా మా రోజుల్లో చదివితే అర్థమయ్యేవి. ఎలా ఉతకాలో చొక్కా మీదే రాసి తీరాలని 1971లో ప్రభుత్వం రూలు పెట్టింది. అచ్చమైన మాటల్లో రాసేవాళ్ళు, మా ఇంగ్లిషూ బాగుపడేది. 1997 నుంచి మాటల బదులు బొమ్మలు చాలన్నారు. ఇప్పుడు నీ టీషర్టు తిరగేస్తే తొట్టి, త్రికోణం, చదరంలో సున్నా, లోపల చుక్కలు, జాతకచక్రంలా ఉంటుంది. చెప్తా విను, ఊరికే పోకూడదు. తొట్టి అంటే ఉతుకు, చుక్కలు పెరిగేకొద్దీ నీళ్ళు వేడెక్కుతాయి. త్రికోణం బ్లీచి. చదరంలో సున్నా డ్రయ్యరు. దేని మీద ఇంటూ మార్కుంటే దాని జోలికి పోకు. చూశావా, నేను చదివాను. చదవడం వచ్చినంత మాత్రాన మెచ్చుకోవాలని లేదు.

సబ్బు గురించి నన్ను మాట్లాడించకు. మా అమ్మ చేతిలో సబ్బంటే బిళ్ళ. సర్ఫు డబ్బా 1959లో వచ్చినా అది పండగలకి, పట్టు చీరకి కుంకుడు రసమే. ఇక్కడికొచ్చాక టైడు పొడి కొలిచి వేసుకునేవాళ్ళం. 2012లో రంగురంగుల గుళికలు వచ్చాయి. 2018లో మీ తరం వాటిని పందేలు కట్టి నోట్లో వేసుకుంది, విషచికిత్స కేంద్రాలవాళ్ళు దేశమంతా తినకండి బాబూ అని బతిమాలుకున్నారు. మేం చాలా వెధవపనులు చేశాం గానీ సబ్బు తినలేదు. ఇంకో మాట. ఈ కొత్త ముందు తలుపు మిషన్లు నీళ్ళు బహు తక్కువ తాగుతాయి. నువ్వు మూత నిండా పోసే సబ్బుని కడిగెయ్యడానికి వాటిలో నీళ్ళుండవు. నురగ బట్టల్లోనే ఉండిపోయి రెండో రోజుకి ముక్క కంపు కొడుతుంది. రెండు పెద్ద చెంచాలు చాలు. నీళ్ళు ఆదా అవుతున్నాయి, మంచిదే. అయినా గాజులోంచి చూస్తే నీళ్ళే కనపడవు, బట్టలు ఉత్తుత్తినే దొర్లుతుంటాయి. నమ్మకం కుదరదు.

అన్నిటికంటే అన్యాయం ఎండ. ఇది నా చాదస్తం కాదు, కావాలంటే మీ కెమిస్ట్రీ ప్రొఫెసర్‌ని అడుగు. పప్పు మరక పడిన చొక్కాకి సబ్బు రాస్తే పసుపు ఎర్రబడుతుంది, సబ్బులో క్షారానికి. కంగారుపడి వేడి డ్రయ్యర్లో వేశావా, మరక మొండికేస్తుంది. అదే చొక్కా తడిపి ఎండలో ఆరెయ్యి, పసుపులో రంగు పదార్థం వెలుతురుకి విరిగిపోతుంది. మా నాయనమ్మకి ఈ సంగతి ఏ డిగ్రీ లేకుండా తెలుసు. టెక్సాస్‌లో ఎండకేం కరువు? గొడ్డు ఎండ. అయినా బాల్కనీలో తాడు కడితే అపార్టుమెంటువాళ్ళు నోటీసు అంటిస్తారు, భవనం అందం పాడవుతుందట. ఫ్లోరిడాలోనూ, 2009లో వెర్మాంట్‌లోనూ బట్టలారేసుకునే హక్కుకి చట్టం చెయ్యాల్సొచ్చింది. ఎండలో చొక్కా ఆరేసుకోవడానికి శాసనసభ! మన దగ్గర డాబా మీద తాడు కట్టడానికి ఎదురింటివాణ్ణి కూడా అడగం. మా ఆవిడ మాత్రం, "మీరు ఎప్పుడైనా డాబా ఎక్కి ఆరేశారా" అంటుంది. అది వేరే సంగతి.

మా తరం స్వయంగా ఉతుక్కుంది, మీది సోమరిది అని ముగిద్దామనుకున్నాను గానీ నాకూ ఓ చిక్కొచ్చి పడింది. ఇక్కడి పోస్టాఫీసు 1913లో పార్సిళ్ళు మొదలుపెట్టాక, అమెరికా కాలేజీ పిల్లలు దశాబ్దాల తరబడి మాసిన బట్టల్ని పట్టీల పెట్టెలో పెట్టి అమ్మకి పోస్టు చేసేవాళ్ళు! పెట్టె మీద అడ్రసు కార్డు తిరగేస్తే ఒకవైపు ఇల్లు, ఒకవైపు హాస్టలు. అమ్మ ఉతికి, ఇస్త్రీ చేసి, చొక్కాల మధ్య నాలుగు కుకీలు దాచి తిప్పి పంపేది. వాళ్ళే తర్వాత ముసలాళ్ళయి మా రోజుల్లో మాకు బుద్ధులు చెప్పారు. మన పిల్లలు తెనాలికి పోస్టు చెయ్యడం లేదంటే అది బుద్ధిమంతులై కాదు, తపాలా ఖర్చు గిట్టక.

నా దగ్గర ఇంకా సగం చుట్ట క్వార్టర్లున్నాయి, ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకోండి. ఇక నువ్వు లే. నీ ఫోను అప్పుడే రెండుసార్లు మోగింది, నీ బట్టలయిపోయాయట. అక్కడెవరో బుట్ట పట్టుకుని నిలబడి ఉంటారు. డ్రయ్యరు జాలీలో పేరుకున్న దూది కూడా తీసి మరీ రా. ఈ దేశంలో ఏడాదికి దాదాపు 2,900 ఇళ్ళలో డ్రయ్యర్ల వల్ల నిప్పంటుకుంటోందని అగ్నిమాపక శాఖవాళ్ళే లెక్కగట్టారు, శుభ్రం చెయ్యకపోవడమే మొదటి కారణమన్నారు. జాలీ దులపడానికి ఇంకా ఆప్ రాలేదు.