మేనేజర్ గారిని లేపి నడిపించండి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మేనేజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే, కమిటీ సభ్యులంతా క్లబ్‌హౌస్‌లో ఏసీ వేసుకుని వరసగా కూర్చుని, ఎదురుగా ఉన్న ఒక్క మనిషిని "మీ గురించి చెప్పండి" అని అడగడం. చెప్పడం వచ్చినవాడు బాగానే చెబుతాడు. ఇంగ్లీషు దంచితే ఐటీ సభ్యుడు తలాడిస్తాడు. మిలటరీలో చేశానంటే రిటైర్డ్ ఆఫీసరు గారు నిటారుగా సర్దుకుంటారు. తక్కువ జీతానికి ఒప్పుకుంటే ట్రెజరర్ కళ్లు చెమరుస్తాయి. ఎండాకాలంలో బోరు ఎండిపోతే ట్యాంకర్ ఎప్పుడు బుక్ చెయ్యాలో మాత్రం ఎవరూ అడగరు. అడగాలంటే ముందు జవాబు తమకు తెలిసుండాలి కదా! ఈ ఉద్యోగానికి మనిషిని కూర్చోబెట్టి కాదు, లేపి నడిపించి ఎంచుకోవాలని నా వాదన.

అసలు ఆ ఉద్యోగం ఏమిటో చూడండి. పేరుకు మేనేజర్ గానీ, నూట ఇరవై మంది అత్తలున్న ఇంటికి కోడలు. లిఫ్టు ఆగితే ఏఎంసీ కంపెనీ వాడిని రప్పించాలి, అయిదో అంతస్తు బాత్రూమ్ నీరు నాలుగో అంతస్తు పూజగదిలోకి దిగితే రెండిళ్ల మధ్యా సంధి కుదర్చాలి. ఒక్కొక్కరి నెలవారీ మెయింటెనెన్స్ 7,500 రూపాయలు, అసోసియేషన్ ఏడాది రాబడి 20 లక్షలు రెండూ దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుందని గుర్తుపెట్టుకోవాలి. ఆర్నెల్లుగా బాకీ ఉన్న ఓనరు, పైగా మాజీ ప్రెసిడెంటు, ఎదురుపడితే నవ్వుతూనే గుర్తుచెయ్యాలి. వీటిలో ఏ ఒక్కటీ "మీ బలాలు, బలహీనతలు ఏమిటి?" అన్న ప్రశ్నకు బయటపడదు.

ఇది నా ఒక్కడి గోల కాదు. ఉద్యోగుల ఎంపికపై 85 ఏళ్ల పరిశోధనలను ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో గుదిగుచ్చారు. ఎంపిక పద్ధతికీ తరవాతి పనితీరుకీ ఉన్న పొంతనను సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే, పని చేయించి చూసే పరీక్షకు 0.54, అందరినీ ఒకే ప్రశ్నలడిగే ఇంటర్వ్యూకు 0.51, తోచింది అడిగే ఇంటర్వ్యూకు 0.38, అనుభవం ఎన్నేళ్లన్న లెక్కకు 0.18 వచ్చాయి. 2022లో పాల్ సాకెట్ బృందం మళ్లీ లెక్కగట్టి ఈ నాలుగింటికీ కోత వేసింది. పని పరీక్ష 0.33కి దిగింది, ఒకే ప్రశ్నల ఇంటర్వ్యూ 0.42కి తగ్గినా వరసలో దాన్ని దాటి పైకెక్కింది. మన కబుర్ల ఇంటర్వ్యూ 0.19కి, ఏళ్ల అనుభవం 0.07కి జారాయి. లెక్క ఎవరిదైనా, క్లబ్‌హౌస్ పద్ధతికి పాస్ మార్కులు రాలేదు. అందుకే అభ్యర్థిని ఒక పూట సంపు నుంచి పైనున్న వాటర్ ట్యాంకు దాకా తిప్పి, పని చేయించి చూడండి, అందరినీ ఒకే ప్రశ్నలు అడగండి.

"నిజాయితీని సంపు దగ్గర ఎలా కొలుస్తారండీ?" అని ట్రెజరర్ గారి అభ్యంతరం. పెయింటింగుకు మూడు కొటేషన్లు చేతిలో పెట్టండి. వాటిలో రెండిటికి లెటర్‌హెడ్లు వేరైనా ఫోన్ నంబరు ఒక్కటే ఉండాలి. పట్టుకుంటాడో లేదో చూడండి. దానితో నిజాయితీ తేలిపోదు, నిజమే. అందుకే చెక్కు మీద రెండు సంతకాలు. ఇంకో ప్రశ్న అందరినీ తప్పక అడగాలి: "సెప్టిక్ ట్యాంకు పొంగింది, ఏం చేస్తారు?" మిషను పిలిపిస్తానన్నవాడిని ఉంచండి. "మనిషిని దింపిస్తా, గంటలో అయిపోతుంది" అన్నవాడికి టీ ఇచ్చి పంపేయండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని అందులోకి దించడాన్ని 2013 చట్టం నేరమంటోంది. ఇక్కడ హాస్యానికి చోటు లేదు.

"పెద్దవయసు మనిషిని మెట్లెక్కించి పరీక్ష పెడితే ఏం బాగుంటుంది?" అంటారు. మెట్లెక్కడం కష్టమైతే లిఫ్టులో తీసుకెళ్లండి, వాటర్ ట్యాంకు చూపించి ఏం గమనించారో అడగండి. పూట పని చేయించుకుంటే పూట కూలీ ఇవ్వండి. ఉద్యోగం కోరి వచ్చినవాడికి అది అవమానం కాదు, ఉచితంగా చేయించుకుంటేనే అవమానం. "అంత తీరిక మాకెక్కడిది?" అన్న అభ్యంతరాన్ని మాత్రం నేను లెక్కచెయ్యను. లిఫ్టులో ఏ రంగు అద్దం పెట్టాలన్నదానిపై వాట్సాప్‌లో వారం వాదించుకున్న జనాభా మనది.

కాబట్టి కార్యదర్శుల్లారా, ఈసారి అభ్యర్థిని క్లబ్‌హౌస్‌కి కాక జనరేటర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఉద్యోగం ఆయనకిచ్చినా ఇవ్వకపోయినా, డీజిల్ ఎంతుందో కమిటీకి తెలుస్తుంది.