బుడాపెస్ట్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: మూడు రోజుల్లో బుడాపెస్ట్ తీరిగ్గా చూసి రావాలి.

తాత్పర్యం: స్పష్టం. చిక్కంతా పదాల్లో ఉంది.

ఛందస్సు లేదు, వచనం. కర్త లేడు, అధ్యాహారం చేసుకోవాలి. విజయవాడలోనో వరంగల్‌లోనో బయల్దేరేవారిని కర్తగా తీసుకుంటే వాక్యం పొసగదు. రానూపోనూ ప్రయాణమే మూడు రోజుల్లో పెద్ద వాటా తినేస్తుంది. చదువుకో ఉద్యోగానికో జర్మనీలోనో ఆస్ట్రియాలోనో ఉంటున్న తెలుగువారే కర్త అనుకోవడం ఉచితం. వియన్నాలో రైలెక్కితే మూడు గంటల లోపే చేరవచ్చు. హంగేరీ 2007 డిసెంబర్ నుంచి షెంగెన్ ప్రాంతంలో ఉంది కనుక, జర్మనీ, ఆస్ట్రియాల రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవారికి వేరే వీసాతో పని లేదు. పిల్లల్ని చూడవచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకు వెళ్లినా, గడువు లోపల ఉన్న వారి షెంగెన్ వీసాయే చాలు.

మూడు రోజుల్లో: తేలిగ్గా కనిపించే పదం. కానీ రోజు అంటే ఏమిటో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి దిగి సోమవారం నాలుగింటికి బయల్దేరితే నగర రవాణా సంస్థ అమ్మే 72 గంటల పాస్‌కు అవి సరిగ్గా మూడు రోజులు. హోటల్‌కు మూడు రాత్రులు. షెంగెన్ బస గడువు నియమానికి మాత్రం నాలుగు రోజులు, ఎందుకంటే అది వచ్చిన రోజునూ వెళ్లిన రోజునూ పూర్తి దినాలుగానే లెక్కగడుతుంది. వర్జ్యాలు కూడా చూసుకోవాలి. దొహాన్య వీధిలోని యూదుల ప్రార్థనామందిరం, సినగాగ్, 1859 నాటిది, ఐరోపాలోకెల్లా పెద్దది. శనివారం దాని తలుపు తెరవరు. బుడా కోటలోని జాతీయ గ్యాలరీకి సోమవారం సెలవు. ఈ రెంటినీ తారుమారు చేసుకున్నవారు రెండుసార్లూ మూసిన తలుపే చూస్తారు.

బుడాపెస్ట్: పైకి ద్వంద్వ సమాసం. కొండలున్న ఒడ్డు బుడా, చదునైన ఒడ్డు పెస్ట్, నడుమ డాన్యూబ్. అయితే 1873లో ఏకమైనవి రెండు కాదు, మూడు పట్టణాలు. మూడోది ఓబుడా, అంటే పాత బుడా. రెండు బుడాల్లో ఒకటే మిగిలింది కనుక దీన్ని ఏకశేషమనాలి. రోమన్ల అక్వింకుమ్ శిథిలాలు ఉన్నది ఆ ఓబుడాలోనే. అన్నిటికన్నా పాత ఊరికే పేరులో చోటు దక్కలేదు. స్థానికుల ఉచ్చారణ బుదపెష్ట్. విమానాశ్రయానికి సంగీతకారుడు ఫ్రాంజ్ లిస్ట్ పేరు పెట్టారు; బోర్డు మీద లిస్ట్ ఫెరెన్స్ అని ఉంటుంది. హంగేరియన్లకు ఇంటిపేరే ముందు. ఐరోపా అంతటా ఫారాల్లో తమ పేరు తిరగేసి రాసుకునే తెలుగువారికి ఇక్కడ ప్రాణం లేచివస్తుంది. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే 100ఈ బస్సుకు వేరే టికెట్ కొనాలి, పైన చెప్పిన పాస్ చెల్లదు. ఖర్చు ఫోరింట్లలో, యూరో ఈ దేశపు ద్రవ్యం కాదు.

తీరిగ్గా: తగువంతా ఈ పదం దగ్గరే. మూడు రోజులన్నాక తీరిక ఎక్కడిదని పూర్వపక్షం. విరోధాభాసమని సిద్ధాంతం. పరిహారం: తీరిగ్గా అంటే తీరం వెంట. తీరిక తెలుగు మాట, తీరం సంస్కృతం. వ్యుత్పత్తి కుదరదు గానీ ప్రయాణం కుదురుతుంది. ఊళ్లో చూడదగ్గవి చాలావరకు నదికి ఇటో అటో ఉన్నాయి. రెండో నంబరు ట్రామ్ పెస్ట్ ఒడ్డునే సాగుతుంది. నది వైపు కిటికీ దొరికితే ఎదుటి ఒడ్డున కోట, ఈ ఒడ్డున పార్లమెంటు. పార్లమెంటు గుమ్మటం ఎత్తు 96 మీటర్లు. ఒడ్డుకు కాస్త లోపలున్న సెయింట్ స్టీఫెన్ బసిలికాదీ అంతే. హంగేరియన్ల పూర్వీకులైన మజ్యార్లు ఈ గడ్డకు వచ్చినట్టు చెప్పుకునే 896కు ఆ 96 గుర్తు. వెయ్యేళ్ల పండుగ జరిగిన 1896లోనే ఐరోపా ప్రధాన భూభాగంలో తొలి విద్యుత్ భూగర్భ రైలు ఇక్కడ నడిచింది. అదే నేటి ఒకటో నంబరు మెట్రో.

నది అడ్డం తిరిగితే తీరిక ఏమవుతుందో సేచెని ఇష్త్వాన్ ప్రభువుకు తెలుసు. 1820 చలికాలంలో తండ్రి అంత్యక్రియలకు బయల్దేరి, డాన్యూబ్‌లో మంచుగడ్డల వల్ల దాటలేక వారం రోజులు ఒడ్డునే ఉండిపోయాడు. అప్పటికి ఉన్నది పడవల వంతెన. చలికాలంలో దాన్నీ తీసేసేవారు. ఆయన పట్టుదలతో లేచిన గొలుసు వంతెన 1849లో తెరుచుకుంది. 1945 జనవరిలో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం దాన్ని పేల్చేసింది, 1949లో మళ్లీ నిలబెట్టారు. నడిచి దాటడానికి పది నిమిషాలు చాలు. సాయంత్రం దీపాలు వెలిగాక దాటేవారికి ఆ పది నిమిషాలు గంటవుతాయి, అదే ఇక్కడి తీరిక.

చూసి: క్త్వార్థకం. పార్లమెంటుకు సమీపంలో నీటి అంచున 60 జతల ఇనుప బూట్లు బిగించి ఉన్నాయి. 1944-45లో యారో క్రాస్ అనే హంగేరీ ఫాసిస్టు ముఠావారు ఎందరినో, ముఖ్యంగా యూదులను, ఈ ఒడ్డున నిలబెట్టి కాల్చి నదిలో పడేశారు. అంతకు ముందు చెప్పులు విప్పించేవారు. 2005లో పెట్టిన ఈ స్మారకం దగ్గర టీకాకు పని లేదు.

చూడటమనే క్రియలో స్నానం ఇమడదు, లక్షణార్థంలో చేర్చుకోవాలి. 1541 నుంచి 1686 వరకు బుడా తురుష్కుల ఏలుబడిలో ఉంది. వారు కట్టిన రుదష్ స్నానశాలలో గుమ్మటం కింద ఎనిమిది పలకల కొలను నేటికీ వేడినీటితో నిండి ఉంటుంది. ఈత దుస్తులు మరిచినవారికి దర్శనమే దక్కుతుంది.

రావాలి: విధ్యర్థకం. జర్మనీ 2024 సెప్టెంబర్ నుంచి తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది కనుక తిరిగి అక్కడికి వచ్చేవారికి పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ చేతిసంచిలో ఉండాలి.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో బుకారెస్ట్ అని ఉంది. అది లేఖక దోషం. బుకారెస్ట్ రుమేనియా రాజధాని. డాన్యూబ్ ఒడ్డున కూడా లేదు. డబ్బు కట్టేముందు టికెట్ మీద బీయూడీ అన్న మూడక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి. అక్కడ ఓటీపీ అని కనిపిస్తే అది బ్యాంకు పంపింది కాదు, బుకారెస్ట్ విమానాశ్రయం.