పది పైసల తేడా

మా రోజుల్లో ఫలానా మనిషిది ఏ పార్టీ అని అడగాల్సిన పని లేదు. ఇంటి గోడ చూస్తే తెలిసిపోయేది. కాంగ్రెస్ కాడెద్దుల బొమ్మ వేసిన గోడ మీద స్వతంత్ర పార్టీ నక్షత్రం పడేది కాదు. నక్షత్రం ఉన్న గోడ దగ్గరికి కాడెద్దులవాళ్లు సున్నం బకెట్టు పట్టుకుని పోయేవాళ్లు కాదు. ఇప్పుడంతా ఫ్లెక్సీలు. మనిషి అదే, నవ్వు అదే, జోడించిన చేతులూ అవే. కండువా రంగు ఒక్కటే మారుతుంది. ఆ రంగు ఎన్నాళ్లుంటుందో ఫ్లెక్సీ కట్టే పిల్లోడికి కూడా తెలీదు.

ఈ మాటంటే ఫ్రిస్కోలో ఉండే మా మనవడు నవ్వుతాడు. అమెరికాలో డల్లాసు పక్కన ఊరది. మన తిరుపతి కొర్లగుంటలో కంటే అక్కడే తెలుగు జాస్తిగా వినిపిస్తుందంటాడు. "తాతా, ఇక్కడ అట్లా కాదు. డెమోక్రాట్లకూ రిపబ్లికన్లకూ అసలు పొంతనే లేదు" అని వీడియోకాల్లో నాకు పాఠం చెప్తాడు. వాడితో పాటు ఉండే మదనపల్లె పిల్లోడు వెనక నుంచి తొంగిచూసి, "వాడి మాట నమ్మొద్దు తాతా, ఇద్దరూ ఇద్దరే. మనకు గ్రీన్‌కార్డు ఎవురూ ఇయ్యరు" అంటాడు. ఇద్దరూ అక్కడ ఉన్నవాళ్లే, ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఎవరి మాట నిజమో తెలుసుకుందామని నేనూ కొంత చదివాను. పని లేనివాణ్ణి కదా.

ముందు మన సంగతి చెప్పుకుందాం. 1962లో నేను హైస్కూలు పిల్లోణ్ణి. మన ఎంపీ మాడభూషి అనంతశయనం అయ్యంగారు, లోక్‌సభ స్పీకరుగా చేసిన పెద్దమనిషి, బీహారు గవర్నరుగా వెళ్లారు. చిత్తూరు పార్లమెంటు సీటుకు ఉప ఎన్నిక వచ్చింది. స్వతంత్ర పార్టీ తరఫున ఎన్.జి. రంగా నిలబడ్డారు. ఆయన ఊరు ఎక్కడో గుంటూరు జిల్లా నిడుబ్రోలు. అయినా గెలిచారు. కులం చూసి వేశారనే వాళ్లు అప్పుడూ ఉన్నారు, కాదనను. కానీ జనం వాదులాడుకున్నది మాత్రం వేరే విషయం మీద. 1959లో నాగపూరు మహాసభలో కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని తీర్మానం చేసింది. రైతు భూమి జోలికి రావద్దు, ఈ పర్మిట్లూ లైసెన్సులూ వద్దు అని రాజాజీ, రంగా అదే ఏడాది స్వతంత్ర పార్టీ పెట్టారు. మా నాయన కాడెద్దుల మనిషి. మా మేనమామ నక్షత్రం మనిషి. పండక్కి కలిస్తే బెల్లం గానుగ దగ్గర కూర్చుని, చెరుకు తోట రైతు పేరునే ఉండాలా, సొసైటీలో కలవాలా అని పొద్దుపోయేదాకా కొట్లాడేవాళ్లు. అన్నం చల్లారిపోతోందని మా అమ్మ తిట్టేది. ఇప్పుడు మా ఇంట్లో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనంతా మీవాడు ఎంత తిన్నాడు, మావాడు ఎంత తిన్నాడు అనే.

తర్వాత ఎన్.టి. రామారావు వచ్చాడు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టాడు. కిలో బియ్యం రెండు రూపాయలకిస్తానన్నాడు. అది విని కోట్ల విజయభాస్కర రెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికలు రాకముందే రూపాయి తొంభై పైసలకు దిగింది. పది పైసల తేడా! మా వీధిలో దాని మీద ఎన్ని జోకులో. జనం మాత్రం తక్కువ ధర చెప్పినవాళ్లను వదిలేసి ఎక్కువ ధర చెప్పినవాడికి ఓటేశారు. మన తిరుపతిలోనే నిలబడి, అసెంబ్లీ స్పీకరుగా ఉన్న అగరాల ఈశ్వర రెడ్డిని ఓడించాడు రామారావు. ఎందుకు? 1978 నుంచి ఐదేళ్లలో ఢిల్లీ మనకు నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల. రాష్ట్రాన్ని నడిపేది ఇక్కడా, ఢిల్లీలోనా అన్నది ప్రశ్న. దానికి రెండు పార్టీలూ రెండు జవాబులు చెప్పాయి. బియ్యం ధరలో తేడా పది పైసలే కావచ్చు, పార్టీల మధ్య తేడా మాత్రం కొండంత.

అమెరికాలోనూ ఇట్లాంటి పది పైసల లెక్క ఒకటుంది. అలబామా గవర్నరుగా చేసిన జార్జి వాలెస్ 1968లో మూడో పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడి, ఆ రెండు పెద్ద పార్టీలకూ పది సెంట్ల తేడా కూడా లేదని ఊరూరా తిరిగి చెప్పాడు. ఐదు దక్షిణాది రాష్ట్రాలు గెలిచాడు కూడా. ఆయన కోపమేమిటి? నల్లవాళ్లకు సమాన హక్కులిచ్చే విషయంలో రెండు పార్టీలూ కలిసిపోయాయని! అందుకే, రెండూ ఒకటేనని ఎవరన్నా అంటే నేను వెంటనే తలాడించను. అన్నవాడికి కావాల్సిందేమిటో ముందు చూస్తాను. మదనపల్లె పిల్లోడికి గ్రీన్‌కార్డు కావాలి. ఆ ఒక్క కిటికీలోంచి చూస్తే వాడన్నది నిజమే. ఏ దేశంవాళ్లకైనా నూటికి ఏడు మించి ఇవ్వకూడదనే నిబంధన ఉంది. డెమోక్రాట్లు వచ్చారు, పోయారు. రిపబ్లికన్లు వచ్చారు, పోయారు. ఆ ఏడు ఏడుగానే ఉంది.

కిటికీ మార్చి చూస్తే సంగతి వేరు. 2010లో వచ్చిన ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి తుది ఓటింగులో రెండు సభల్లోనూ ఒక్క రిపబ్లికన్ కూడా ఓటెయ్యలేదు. 2017లో ట్రంప్ పన్నులు తగ్గిస్తే ఒక్క డెమోక్రాటూ చెయ్యెత్తలేదు. తుపాకుల మీద, గర్భస్రావం మీద, ధనవంతుల పన్నుల మీద వాళ్లు చెరో ఒడ్డున ఉన్నారు. అట్లని అన్నిట్లో అట్లా లేరు. 2002లో ఇరాక్ యుద్ధానికి సెనేటులోని డెమోక్రాట్లలో సగానికి పైగా ఊఁ అన్నారు. కంపెనీల దగ్గర చందాలు ఇద్దరూ తీసుకుంటారు. మనవాళ్లూ రెండు వైపులా చేరారు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ డెమోక్రాటుగా 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. తెలుగింటి ఆడబిడ్డ చిలుకూరి ఉష రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య. మన పత్రికలు ఇద్దరి ఫోటోలూ ఒకే రకం మురిపెంతో వేశాయి. పార్టీతో మనకేం పని, పుట్టింటి పేరు తెలుగుదైతే చాలు.

ఆ పార్టీల పాత చరిత్ర ఇంకా తమాషా. బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ రిపబ్లికన్. బానిసల్ని వదిలేది లేదన్న దక్షిణాది భూస్వాములు డెమోక్రాట్లు. నూరేళ్లు గడిచాక 1964లో పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టిన జాన్సన్ డెమోక్రాటు, అందులోనూ టెక్సాస్ మనిషి. అప్పటి నుంచి దక్షిణాది తెల్లవాళ్లు మెల్లమెల్లగా రిపబ్లికన్ల వైపు జరిగారు. స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటరు ఆ ఏడాదే కండువా మార్చాడు. టెక్సాస్‌లో 1994 తర్వాత రాష్ట్రమంతా ఓటేసే పదవి ఒక్కదానికీ డెమోక్రాటు గెలవలేదు. వాళ్లు అటు నుంచి ఇటు రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మనవాళ్లకు నామినేషన్ల గడువు చాలు.

నా వాదన ఇదే. అక్కడ ఒక విషయం మీద పార్టీ తన మాట మార్చుకుంది, దాంతో మనుషులు కదిలారు. ఇక్కడ విషయమే లేదు, మనుషులు మాత్రం కదులుతున్నారు.

నమ్మకపోతే చూడండి. మన పాత చిత్తూరు జిల్లావాడే నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి కాంగ్రెస్ ముఖ్యమంత్రిగా చేసి, 2014లో సొంత పార్టీ పెట్టి, 2018లో మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చి, 2023లో బీజేపీలో చేరి, 2024లో రాజంపేట పార్లమెంటుకు నిలబడి ఓడిపోయారు. 2009లో తిరుపతి నుంచి చిరంజీవి ప్రజారాజ్యం అని గెలిచారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ పార్టీయే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. తిరుపతి పార్లమెంటుకు వరప్రసాదరావు 2009లో ప్రజారాజ్యం, 2014లో వైసీపీ, 2024లో బీజేపీ. అన్నిటికంటే మేలైనది ఆరణి శ్రీనివాసులు గారిది. 2019లో వైసీపీ తరఫున చిత్తూరు ఎమ్మెల్యే. 2024లో జనసేన తరఫున తిరుపతి ఎమ్మెల్యే. పార్టీతో పాటు ఊరు కూడా మార్చి గెలిచారు!

మీ రోజుల్లో మారలేదా అంటారు. మారారు. చింతా మోహన్ 1984లో తెలుగుదేశం ఎంపీ, 1989లో కాంగ్రెస్ ఎంపీ. చంద్రబాబు 1978లో చంద్రగిరి నుంచి కాంగ్రెస్ ఎమ్మెల్యేగానే మొదలుపెట్టారు. ఎస్వీ యూనివర్సిటీలో ఆయన ఎం.ఏ. చదివిన ఆ కాలంలోనే రాజశేఖర రెడ్డి మన రుయా ఆసుపత్రిలో హౌస్‌సర్జన్. ఇద్దరూ 1978లోనే అసెంబ్లీకి వెళ్లారు, ఇద్దరూ అంజయ్య దగ్గర మంత్రులుగా చేశారు. ఇప్పుడు బద్ధశత్రువుల్లా కనిపించే తెలుగుదేశం, వైసీపీల మూలాలు వెతికితే ఇద్దరూ తిరుపతి వీధుల్లో తిరిగినవాళ్లే. ఇక కొట్లాటలో సరుకేముంటుంది? రాజశేఖర రెడ్డి కొడుకు జగన్ బడికెళ్లే పిల్లల తల్లికి 15,000 అంటే, చంద్రబాబు ఎంతమంది పిల్లలుంటే అన్ని 15,000లు అన్నారు. ఆయన పింఛను 3,000 చేస్తే, ఈయన 4,000 చేశారు. అమరావతి ఒక్కదాని మీదే నిజమైన తగాదా కనిపించింది. ఢిల్లీ విషయానికొస్తే అదీ ఉండదు. 2019లో పౌరసత్వ సవరణ బిల్లుకు రెండు పార్టీలూ సై అన్నాయి. 2022లో రాష్ట్రపతిగా ముర్ముకు రెండూ ఓటేశాయి. 2025లో ఉపరాష్ట్రపతి పదవికి తెలుగువాడైన జస్టిస్ సుదర్శన్ రెడ్డి నిలబడితే, రెండూ అవతల ఉన్న రాధాకృష్ణన్‌కే వేశాయి.

1985లో ఫిరాయింపుల చట్టం తెచ్చారు కదా అంటారు. అది గెలిచాక దూకేవాడి కోసం. టికెట్టు రాలేదని దూకేవాణ్ణి ఏ చట్టమూ అడగదు. అమెరికాలో టికెట్టు ఎవరికివ్వాలో ఊళ్లో ఆ పార్టీవాళ్లే ముందుగా ఓటేసి తేల్చుకుంటారు, ప్రైమరీ అని. అక్కడ ఎంపీకి భయం పుట్టాలంటే ఊళ్లోవాళ్ల వల్లే పుట్టాలి. ఇక్కడ భయమంతా ఒక్క గుమ్మం దగ్గర. ఆ గుమ్మంలోని పెద్దాయనకు కోపం వస్తే, అవతలి గుమ్మానికి పోతే సరిపోతుంది. ఇంకెవరికీ జవాబు చెప్పే పని లేదు.

కాబట్టి రెండు పార్టీల పెద్దలకూ ఒక మాట. 2029కి తిరుపతి, చిత్తూరు, ఈ రెండు సీట్లకైనా టికెట్టు ఎవరికివ్వాలో మీ సభ్యత్వ కార్డు ఉన్న కార్యకర్తలచేత ఓటేయించి తేల్చండి. కనీసం ఐదేళ్లు మీ జెండా మోసినవాడికే పోటీ చేసే హక్కు పెట్టండి. నిలబడినవాణ్ణి నాలుగు కాళ్ల మండపం దగ్గర మైకు ముందు నిలబెట్టి, అవతలి పార్టీతో నీకెక్కడ తేడా అని అడిగించండి. జవాబు వినడానికి నేనొస్తాను, కుర్చీ ఒకటి వేయించండి చాలు.